ఆయిల్ లీకు ఎక్కడో తేలకుండా ఇంజిన్ దింపొద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు పదిహేనేళ్లు దాటిన కార్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. మారుతీ 800, ఓమ్నీ, ఇండికా, క్వాలిస్, సుమో, అక్కడక్కడ అంబాసిడర్. సొంత బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. ఆ గడువు దగ్గరపడ్డప్పుడే చాలామందికి ఇంజిన్ కింద కారే ఆయిల్ గుర్తొస్తుంది. బండి షెడ్డుకు పోతుంది. కింద దూరి ఒక్క చూపు చూసి, ‘చాంబర్ ప్యాకింగ్ పోయింది’ అనో ‘వెనక సీలు పోయింది, గేర్‌బాక్స్ దింపాలి’ అనో తేల్చేస్తారు. చాంబర్ అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. వెనక సీలంటే పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసుకు గేర్‌బాక్స్ వైపు కొసన ఆయిల్ ఆపే రింగు. వేలల్లో ఖర్చవుతుంది. నెల తిరక్కముందే మళ్లీ అదే చోట మరక పడుతుంది.

మెకానిక్‌ను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. లీకు సరిగా వెతకాలంటే కడగడం, ఆరబెట్టడం, తిప్పిచూడటం కలిపి సగం పూట పడుతుంది. ఆ సగం పూటకు కూలి ఇవ్వడానికి బండి యజమాని ఒప్పుకోడు. ‘చూసినందుకే పైసలా?’ అంటాడు. సామాను మార్చితే మాత్రం అడిగినంత ఇస్తాడు. అలాంటప్పుడు షెడ్డులో వెతకడం తగ్గి మార్చడం పెరగడంలో ఆశ్చర్యమేముంది? వెతికే పనికి విడిగా కూలి ఇచ్చే అలవాటు రావాలి. ఆ పని ఎలా జరగాలో బండి ఉన్నవాళ్లకూ తెలిస్తే ఆ కూలి దండగ అనిపించదు. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు కారేది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోవాలి. రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున మరక ఎక్కడ పడిందో, ఏ రంగో స్పష్టంగా కనిపిస్తుంది. గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండి, వేళ్ల మధ్య జారుతుంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిల్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా ఉంటే కూలెంట్. పల్చగా, లేత పసుపుగా ఉండి రంగు మీద పడితే పెయింట్ లేపేది బ్రేక్ ఆయిల్. అది కనిపిస్తే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు బ్రేకులు చూపించాలి. వాసన రాని నీళ్లయితే ఏసీవి, వదిలేయండి.

తర్వాత లెవెల్. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ బంద్ చేశాక పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా లీటరు దగ్గర ఉంటుంది. కిలోమీటర్లు రాసుకుని వారం వారం చూస్తే ఎంత పోతోందో లెక్క దొరుకుతుంది. కింద మరక చిన్నదే అయి లెవెల్ బాగా తగ్గుతుంటే ఆయిల్ లోపల కాలుతున్నట్టు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వచ్చి తగ్గిపోతే వాల్వ్ సీళ్లు, బండి లాగేటప్పుడు పొగ వస్తుంటే పిస్టన్ రింగుల వైపు అనుమానించాలి. బయట ఎన్ని ప్యాకింగులు మార్చినా ఈ నష్టం ఆగదు.

ఒక్కోసారి లెవెల్ తగ్గదు, పెరుగుతుంది. కార్బురేటర్ బండ్లలో మెకానికల్ పెట్రోల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. పల్చబడిన ఆయిల్ అన్ని సందుల్లోంచీ చెమర్చుతుంది, బేరింగులూ అరుగుతాయి. అలాంటప్పుడు పంపు, ఆయిల్, ఫిల్టర్ మార్చేదాకా బండి తీయకూడదు. ఇంకో కారణం అతిగా పోయడం. బజారులో చిన్న కార్లకు దొరికే డబ్బాల్లో 3.5 లీటర్లవీ ఉంటాయి. మారుతీ 800 ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి పట్టేది సుమారు 3 లీటర్లే. అలాంటి డబ్బా మొత్తం ఒంపేస్తే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయే పైపు) లోంచి ఎయిర్ ఫిల్టర్ దాకా తోస్తుంది. ఇలాంటి ‘లీకు’కు మందు పై గీత దాటిన ఆయిల్ తీసేయడమే.

ఇక ఏదైనా విప్పేముందు చూడాల్సింది, అందరూ మరిచేది బ్రీదర్ పైపు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. షెడ్లలో దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) మీదున్న పైపు గుండా ఆ గ్యాస్ ఎయిర్ క్లీనర్‌కో, ఇంజిన్‌లోకి గాలి పోయే మానిఫోల్డ్‌కో పోవాలి. అక్కడికక్కడ తిరిగే బండ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. తేమ, ఆయిల్ కలిసి మడ్డిలా పేరుకుని ఆ పైపునూ, కవర్ లోపలి జాలీనీ మూసేస్తాయి. దారి మూసుకుంటే గ్యాస్ కుక్కర్‌లో ఆవిరిలా బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. బాగానే ఉన్న సీలు పెదవిని (ఇరుసుకు ఆనే అంచు) కూడా ఎత్తి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ఇలాంటి బండికి కొత్త సీలు వేస్తే అదీ కొద్దిరోజుల్లోనే కారుతుంది. ‘డూప్లికేట్ సీలు’ అని దుకాణం వాడిని తప్పుపడతాం.

పరీక్ష కష్టమేమీ కాదు. వేడెక్కిన ఇంజిన్‌ను స్లోలో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి పాలిథీన్ కవర్ పెట్టండి. కొద్దిగా లోపలికి లాగినా, కదలకుండా ఉన్నా మంచిదే. ఉబ్బి ఎగిరిపోతుంటే బ్రీదర్ మూసుకుంది, లేదా రింగులు అరిగాయి. డీజిల్ ఇంజిన్లలో కొద్దిపాటి ఊపిరి మామూలే, ఉఫ్ ఉఫ్‌మని పొగ తన్నితేనే అనుమానించాలి. పైపు ఊడదీసి డీజిల్‌తో కడిగి, వెంటనే షాంపూ నీళ్లతో కడిగేసి ఆరబెట్టి, పీసీవీ వాల్వ్ (ఆ గ్యాస్‌ను మానిఫోల్డ్‌లోకి వదిలే చిన్న వాల్వు) ఉంటే చెవి దగ్గర ఊపి చూడండి. లోపల టకటక చప్పుడు రావాలి. రాకపోతే మార్చాలి. మన దగ్గర వరి కోతల సీజన్లో పొట్టు దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల రోడ్ల మీద బూడిద దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను తొందరగా నింపుతాయి. నిండిన ఫిల్టర్ వెనక చూషణ పెరిగి బ్రీదర్‌లోంచి ఆయిల్‌ను లాగుతుంది. ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ తడి కనిపిస్తే దానికీ ఇదే మూలం కావచ్చు.

బ్రీదర్ శుభ్రం చేశాక కూడా కవర్ ఉబ్బుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తుకుంటోందో) గేజితో చూడాలి. వేడి ఇంజిన్, మంచి బ్యాటరీ, అన్ని ప్లగ్గులూ తీసేయాలి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. సిలిండర్లకు మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. తక్కువ చూపించిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రీడింగ్ పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులు. రింగులే అరిగితే సీళ్ల మీద డబ్బు పెట్టడం వృథా.

ఇప్పుడు వెతుకులాట. మడ్డి పట్టిన ఇంజిన్ మీద లీకు వెతకడం కుదరదు, ముందు కడగాలి. ఇంజిన్ పూర్తిగా చల్లబడాలి. వేడి హెడ్ మీద, మానిఫోల్డ్ మీద చన్నీళ్లు కొడితే పగుళ్లు రావచ్చు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది), కాయిల్, ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్ నోరు పాలిథీన్‌తో కట్టి, బ్యాటరీ వైరు తీసి, డీగ్రీజర్ గానీ డీజిల్ గానీ బ్రష్‌తో రుద్దాలి. పెట్రోల్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కడగొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్ బెల్టులకు, రబ్బరు పైపులకు తగిలితే అవి ఉబ్బుతాయి కాబట్టి వెంటనే షాంపూ నీళ్లతో కడిగేయాలి. తర్వాత కంప్రెసర్ గాలితో సందుసందునా ఆరబెట్టాలి.

ఆరిన ఇంజిన్ మీద అనుమానమున్న అతుకుల వెంట ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. ముగ్గుపిండి మాత్రం వాడొద్దు. అది రాతిపొడి, పుల్లీ దగ్గర సీలు పెదవిలోకి దూరితే గీత పెడుతుంది. ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, పదో ఇరవయ్యో కిలోమీటర్లు తిప్పుకొచ్చి టార్చితో చూస్తే తెల్లటి పౌడర్ మీద గోధుమ రంగు గీత దిగి కనిపిస్తుంది. ఆ గీత పై కొస ఎక్కడ మొదలైందో అదే లీకు. ఆయిల్ బరువుకు కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే చాంబర్ అంచు మీద చుక్క వేలాడుతున్నంత మాత్రాన చాంబర్ ప్యాకింగ్ పోయినట్టు కాదు. తడిసిన జాగాల్లో అన్నిటికన్నా పైనున్నది, గాలి ముందుగా తగిలేది ఏదో చూసి దాన్నే మొదట పట్టుకోవాలి.

పౌడర్‌తో దొరకని సన్నటి లీకుకు యూవీ డై (అతినీల కాంతిలో మెరిసే రంగు) ఉంది. ఆయిల్‌లో కలిసే రకం అడిగి తెచ్చుకోవాలి. ఏసీ గ్యాస్‌కు వాడేది వేరు. నాలుగు లీటర్ల ఆయిల్‌కు సుమారు 30 మిల్లీలీటర్లు చాలు, సీసా మీద వేరే కొలత ఉంటే అదే పాటించాలి. కొత్త ఆయిల్‌లో కలిపితే మెరుపు బాగా తెలుస్తుంది, నల్లబడ్డ ఆయిల్‌లో మసకబారుతుంది. ఓ ముప్పై కిలోమీటర్లు నడిపి చీకట్లో యూవీ టార్చి వేసి, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కారే చోటు పచ్చగా వెలుగుతుంది. ఇంజిన్ దింపే కూలితో పోలిస్తే డై, టార్చి ఖర్చు లెక్కలోకే రాదు. పైగా టార్చి షెడ్డులో ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పై నుంచి కిందికి వస్తే మొదట ఆయిల్ మూత రబ్బరు, దాని కింద ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. పాత కార్లలో ఎక్కువ లీకులు ఇక్కడే మొదలవుతాయి. మన ఎండాకాలం బయటే 43, 44 డిగ్రీలు, బానెట్ కింద దానికన్నా చాలా ఎక్కువ. రబ్బరు గోరుతో నొక్కితే దిగకుండా ప్లాస్టిక్‌లా గట్టిపడి ఉంటుంది. కారిన ఆయిల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద పడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడు వాసన, సన్నటి పొగ. ఇది మంటకు దారి తీయగలదు, వాయిదా వేయొద్దు. లీకు ఆపుదామని బోల్టులు ఇంకా బిగిస్తే రేకు కవర్ అంచు వంగి లీకు పెరుగుతుంది. కవర్ విప్పి, అద్దం పలక మీద బోర్లా పెట్టి అంచు చదునుగా ఆనుతోందో లేదో చూసి, వంగినచోట చెక్క మీద పెట్టి సుతారంగా సరిచేయాలి. రబ్బరు ప్యాకింగ్‌కు గ్యాస్కెట్ పేస్ట్ అక్కర్లేదు, అర్ధచంద్రాకారపు మూలలుంటే అక్కడ మాత్రం చిటికెడు. బిగింపు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, అంటే చిన్న పానాతో మణికట్టు బలమే తప్ప భుజబలం వద్దు. ప్లగ్గు గుంతల్లో ఆయిల్ నిలిచి బండి కొట్టుకుంటుంటే ఆ గుంతల సీళ్లు కూడా మార్చాలి.

మారుతీ 800, ఓమ్నీల్లో డిస్ట్రిబ్యూటర్ హెడ్ చివర గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాని ఓ-రింగు (గుండ్రటి రబ్బరు రింగు) గట్టిపడితే ఆయిల్ హెడ్ వెనక నుంచి జారి సరిగ్గా బెల్‌హౌజింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప) మీదికి దిగుతుంది. కింది నుంచి చూసినవాడికి అది ముమ్మాటికీ వెనక క్రాంక్ సీలు లీకే. పదుల రూపాయల రింగు కోసం గేర్‌బాక్స్ దింపిన బండ్లు ఇలాగే తయారవుతాయి. డిస్ట్రిబ్యూటర్ తీసే ముందు దాని ఒంటి మీద, హెడ్ మీద సూటిగా ఒక గీత గీసుకుని, రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి. బిగించాక టైమింగ్ సరిచూడాలి.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. దాని వైరు టోపీ లాగి చూడండి, లోపల ఆయిల్ ఉంటే స్విచ్ పోయినట్టే. కొత్తది బిగించేటప్పుడు మరకు టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా చుట్టకండి. ఒంటి వైరు స్విచ్‌కు ఎర్త్ ఆ మర ద్వారానే అందాలి. అందకపోతే ప్రెషర్ పడిపోయినా డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలగదు. ఫిల్టర్ దగ్గర కారుతుంటే పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని, దాని మీద కొత్తది కూర్చుందేమో చూడాలి. అలా అయితే కొద్ది నిమిషాల్లో ఆయిల్ అంతా రోడ్డు పాలవుతుంది. రింగుకు ఆయిల్ రాసి, ఆనాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. డ్రైన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్.

క్రాంక్ ముందు సీలు, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సీలు కారితే ఆయిల్ టైమింగ్ బెల్టును నానబెడుతుంది. కాబట్టి బెల్టు మార్చినప్పుడే ఆ రెండూ మార్చేయడం మంచిది, కూలి ఒక్కటే. పాత సీలు పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ షాఫ్టుకు తగలకూడదు. వేలి గోరు షాఫ్టు మీద నడిపితే సీలు రాసుకున్న గాడి తగులుతుందా? తగిలితే కొత్త సీలును పాత లోతులో కాకుండా మిల్లీమీటరో రెండో అటూఇటూగా కూర్చోబెడితే పెదవి నున్నటి చోట ఆనుతుంది. స్ప్రింగు వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి, పెదవికి ఆయిల్ రాయాలి. పాత డీజిల్ బండ్లు చాలావాటికి ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉంటుంది. దానికి ఆయిల్ పైపు వెళ్తుంది, సీలు పోతే ఆయిల్ ఆల్టర్నేటర్‌లోకి దిగి చార్జింగ్ పోతుంది.

ఇవన్నీ పొడిగా ఉండి, బెల్‌హౌజింగ్ కింది రంధ్రంలోంచి మాత్రమే కారుతుంటే అప్పుడు వెనక సీలు. అక్కడ కూడా చుక్క వాసన చూడాలి. గంధకం కంపయితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, క్రాంకుది కాదు. ఎలాగూ గేర్‌బాక్స్ దింపుతారు కాబట్టి రెండు సీళ్లూ మార్చి, ఆయిల్ తాగిన క్లచ్ ప్లేటును కడిగి వాడకుండా కొత్తది వేయించుకోండి. పాత 1489 సీసీ అంబాసిడర్ సంగతి వేరు. ఆ ఇంజిన్ వెనక రబ్బరు సీలే లేదు. క్రాంకు మీద చెక్కిన మరలాంటి గాడి తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి నెడుతుంది. ఆగాక ఒకటి రెండు చుక్కలు పడటం దాని నైజం. ఎక్కువ పడుతుంటే బ్రీదర్ చూడండి.

చాంబర్ ప్యాకింగ్ నిజంగానే పోతే, పాతది గీకి, బోల్టు రంధ్రాల చుట్టూ పైకి లేచిన రేకును సుత్తితో వెనక్కి కొట్టి చదును చేసి, రెండు ముఖాలూ థిన్నర్‌తో తుడవాలి. పేస్ట్‌తో బిగించే రకమైతే 3 మిల్లీమీటర్ల సన్నటి తీగలా పేస్ట్‌ను, రంధ్రాలకు లోపలి వైపు నుంచి, ఎక్కడా తెగకుండా పూయాలి. దోసెడు పూస్తే పిండినదంతా లోపల పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది, ఇంజిన్ పట్టేస్తుంది. బిగించాక రాత్రంతా ఆరనిచ్చి పొద్దున ఆయిల్ పోయాలి. బయట నుంచి తడి మీద పేస్ట్ పూసి పంపడం అసలు రిపేరే కాదు. నూనె ఉన్నచోట అది పట్టదు, తర్వాత వెతికేవాడికి లీకు కనపడకుండా చేస్తుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే లీకు ఆగుతుందన్న మాట కూడా వింటుంటాం. పాత ఇంజిన్లకు మన వేడిలో కంపెనీ 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి రకాలు చెప్పి ఉంటే పోయొచ్చు, చుక్కలు కొంచెం తగ్గొచ్చు. గట్టిపడ్డ రబ్బరు మాత్రం మెత్తబడదు. పల్చటి ఆయిల్ చెప్పిన ఇంజిన్‌లో చిక్కటిది పోస్తే పొద్దున స్టార్టింగ్‌లో పైకి ఆలస్యంగా ఎక్కి క్యామ్ అరుగుతుంది. సీళ్లను ఉబ్బించే మందులు కొన్నాళ్లు సాకుతాయి, బండి అమ్మేవాడికే ఉపయోగం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి: పాత బండి ఇంజిన్ తళతళలాడుతుంటే మురిసిపోకండి. ఓ ముప్పై కిలోమీటర్లు నడిపి, గంట ఆపి, అప్పుడు కింద చూడండి.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. ‘వచ్చే ఊళ్లో చూద్దాం’ అంటే బేరింగులు పోతాయి. రోడ్డు మీద పడిన ఆయిల్ తొలకరి చినుకులకు తేలి, నల్లగొండ క్లాక్ టవర్ లాంటి రద్దీ కూడలిలో మలుపు తిరిగే బైకువాళ్లను పడేస్తుంది. వాళ్ల తప్పేమీ లేకుండానే.

షెడ్డువాళ్లకు మా వినతి: లీకు వెతకడానికి ఇంత అని ముందే చెప్పి, బిల్లులో విడిగా రాయండి. దొరికిన చోటు ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. యజమానులు కూడా ‘ఎక్కడి నుంచి వస్తోందో చూపించు, తర్వాత విప్పు’ అని అడగండి, చూపించినందుకు డబ్బివ్వండి. ఐటీఐల్లో రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్, ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సులు చదివే పిల్లలకు ఒక పాత ఇంజిన్, యూవీ టార్చి, డై ఇచ్చి ఈ పని చేతులతో నేర్పించాలని అధికారులను కోరుతున్నాం. ఇంజిన్ కడిగిన మడ్డి నీళ్లు, తీసిన పాత ఆయిల్ మోరీలోకో వాగులోకో వదలొద్దు. పాత ఆయిల్‌ను కేంద్రం 2016లో తెచ్చిన వ్యర్థాల నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగానే చూస్తున్నాయి. మూతున్న డ్రమ్ములో పోసి ఉంచి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి.

ఇట్లు,
మోటారు పని తెలిసిన పాఠకులు,
నల్లగొండ